రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు వేడెక్కకుండా గేమ్ సెట్టింగులు మార్చుకోవడం ఎలా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు ఉండే తెలుగువారికి రోహిణి కార్తె గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రోళ్లు పగిలే ఆ ఎండను పక్కింటి మరాఠీవారు నౌతపా అంటారు. మే నెలాఖరులో బయట 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. అలాంటి మధ్యాహ్నం సెలవుల్లో ఉన్న పిల్లలు పీసీలో గేమ్ తెరిచారంటే గదిలో అందరికంటే ముందు అలసిపోయేది తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డే. గేమ్ సెట్టింగుల గురించి దొరికే సలహాల్లో చాలావరకు ఏసీ గదిని దృష్టిలో పెట్టుకొని రాసినవి కాబట్టి, వాటిని ఉన్నదున్నట్టుగా పాటిస్తే మన దగ్గర లెక్క తప్పుతుంది.

ఆ లెక్క చాలా సులువైనది. కార్డు ఫ్యాన్లు ఎంత వేగంగా తిరిగినా చిప్‌ను గదిలోని గాలి కంటే చల్లబరచలేవు. పని ఒకటే అయి, ఫ్యాన్ వేగం మారకపోతే, చిప్‌కూ గాలికీ మధ్య ఉండే తేడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 68 చూపిన కార్డు, అదే గేమ్‌లో అవే సెట్టింగులతో 40 డిగ్రీల గదిలో 86 దాకా పోతుందన్నమాట. ఎన్‌విడియా కంపెనీ జీఫోర్స్ కార్డుల్లో చాలావాటికి ముందే పెట్టి ఉంచిన లక్ష్య ఉష్ణోగ్రత 83 డిగ్రీలు. అది దాటబోతుంటే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కార్డు వెంటనే కాలిపోదు గానీ, ఆట తడబడుతుంది, ఫ్యాన్ల మోత పక్కగదికి వినిపిస్తుంది.

ఏదీ మార్చకముందే ఉన్న పరిస్థితిని కొలవండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం తెరిస్తే విడి గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఆడుతూనే చూడాలంటే కార్డును గమనించి మార్చుకునే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాం, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ సరిపోతాయి. గేమ్‌లో బరువైన ఒక దృశ్యాన్ని ఎంచుకొని 20 నిమిషాలు ఆడి, ఉష్ణోగ్రత, కార్డు వినియోగ శాతం, ఫ్యాన్ వేగం, సెకనుకు వచ్చే ఫ్రేములు (కార్డు గీసే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) కాగితం మీద రాసుకోండి. ఇదే పని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి చేస్తే గది వేడి ఎంతో, గేమ్ వేడి ఎంతో మీకే విడిగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చాలామంది మొదట నీడల నాణ్యతనో, రిజల్యూషన్‌నో (బొమ్మలో ఉండే చుక్కల సంఖ్య) తగ్గించి, వేడి ఒక్క డిగ్రీ కూడా దిగలేదని విసుక్కుంటారు. పరిమితి పెట్టకపోతే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చోదు. ఒక్కో ఫ్రేముకు పని తగ్గితే, మిగిలిన శక్తితో ఇంకా ఎక్కువ ఫ్రేములు గీస్తుంది. బొమ్మ నాణ్యత పడిపోయి, ఫ్రేములు 70 నుంచి 110కి పెరిగినా, వినియోగం మాత్రం 99 శాతం దగ్గరే నిలిచి ఉంటుంది. అందువల్ల మొట్టమొదట పెట్టవలసింది ఫ్రేముల పరిమితి. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 గేమ్ విడుదలైనప్పుడు, పెద్దగా పనేమీ లేని మెనూ తెరల దగ్గరే కార్డులు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అక్కడ ఫ్రేములకు హద్దు లేకపోవడమే దానికి కారణం. సెట్టింగుల ఫైల్లో రెండు వరుసలు చేర్చి, ఆటకు 60, మెనూలకు 30 ఫ్రేముల హద్దు పెట్టుకోవాలని ఆ గేమ్ తయారుచేసిన బ్లిజార్డ్ సూచించింది.

మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేదైతే, పరిమితిని 60 దగ్గర పెట్టండి. గేమ్‌లోనే ఆ వీలుంటే అక్కడ, లేకపోతే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ దగ్గర, ఏఎండీ కార్డైతే ఆ కంపెనీ అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోని ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్ దగ్గర దీన్ని మార్చుకోవచ్చు. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారికి ఈ మాట రుచించదని తెలుసు. అయినా కథ ప్రధానంగా నడిచే గేములకు వేసవిలో 60 చాలునన్నది నా అభిప్రాయం. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 45 పెడితే మాత్రం ఫ్రేములు సమంగా పడక కదలిక కుదుపులుగా కనిపిస్తుంది.

పరిమితి పెట్టాక కూడా వినియోగం 95 శాతం దగ్గరే ఉంటే, అప్పుడు బొమ్మ నాణ్యత జోలికి వెళ్లాలి. వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే రే ట్రేసింగ్ ఉంటే ముందుగా దాన్ని ఆపండి. తర్వాత నీడలు, పొగమంచు, ప్రతిబింబాలు ఒక్కో మెట్టు దించండి. అల్ట్రా, హై అనే నాణ్యత మెట్ల మధ్య తేడా ఆడుతున్నప్పుడు కంటికి ఆనేది తక్కువ. టెక్స్‌చర్ (వస్తువుల పైపూత బొమ్మలు) నాణ్యతను అలాగే ఉంచవచ్చు, ఎందుకంటే కార్డు మెమొరీ సరిపోయినంతవరకు అది వేడిని పెద్దగా పెంచదు. రిజల్యూషన్ సంగతి వేరు, చుక్కలు పెరిగితే కార్డుకు పనీ పెరుగుతుంది: 1920×1080 తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటే, 2560×1440 మీద దాదాపు 36.9 లక్షలుంటాయి. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వంటి పద్ధతులు తక్కువ చుక్కలతో బొమ్మ గీసి తర్వాత పెద్దది చేస్తాయి కాబట్టి, ఫ్రేముల పరిమితితో కలిపి వాడితే వేడి నిజంగానే దిగుతుంది. ఒకసారి ఒక్క సెట్టింగునే మార్చి, పావుగంట ఆడి, మళ్లీ కొలవండి. చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, నిదానంగా వేడెక్కుతుంది, అంతే నిదానంగా చల్లారుతుంది. రెండు నిమిషాల్లో కనిపించే అంకెను నమ్మవద్దు.

బొమ్మను ఇంకా తగ్గించడం ఇష్టం లేనివారికి మరో దారి పవర్ లిమిట్, అంటే కార్డు వాడుకునే కరెంటుకు హద్దు. ఆఫ్టర్‌బర్నర్‌లో దాన్ని 80 శాతానికి దించితే, 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 కార్డు గరిష్ఠంగా 136 వాట్ల దగ్గర ఆగుతుంది. చిప్ ఖర్చు చేసే శక్తి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కాబట్టి, చివరి కొద్దిపాటి వేగం కోసం అది చాలా వేడిని చెల్లిస్తుంటుంది. ఆ కొసను కత్తిరిస్తే పోయే ఫ్రేములు తక్కువే. ఆ వేడంతా చివరికి చేరేది మీరు కూర్చున్న గదిలోకే కనుక, కార్డుతోపాటు మీకూ ఊరట.

గాలి విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఎండాకాలంలో ఇక్కడి పొడిగాలికి నీళ్లు పోసే ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది గానీ, దాని గాలి నేరుగా కేబినెట్‌లోకి కొట్టకూడదు. ఒక వేసవిలో నేనే ఆ తప్పు చేసి, ఫ్యాన్ జాలీల మీద ఉప్పునీటి తెల్లపొరను గీకుతూ ఒక ఆదివారం గడిపాను. కూలర్ గదిని చల్లబరిస్తే చాలు. కూలర్ నడుస్తున్నప్పుడు తడిగాలి బయటికి పోయేలా ఎదుటి కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. రెండోది దుమ్ము. బొగ్గు గనుల చుట్టుపక్కల ఊళ్లలో అది నల్లగా, జిగటగా పేరుకుంటుంది కాబట్టి నెలకొకసారైనా శుభ్రం చేయాలి. ప్లగ్ పీకేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తటి బ్రష్‌తో తుడవండి. బ్లోయర్‌తో ఫ్యాన్‌ను గిర్రున తిప్పితే బేరింగు దెబ్బతినవచ్చు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టకుండా, వెనుకవైపు కొంచెం ఎత్తి బల్ల మీద పెట్టాలి.

ఇన్ని చేశాక కూడా తెర మీద రంగురంగుల గీతలు వచ్చినా, ఆట మధ్యలో పీసీ దానంతటదే ఆగిపోయినా, సెట్టింగులతో కుస్తీ పట్టడం మానేయండి. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. వారంటీ ఉంటే కార్డు విప్పకముందే అమ్మినవారిని అడగాలి.

కుదిరిన అంకెలను ఆఫ్టర్‌బర్నర్‌లో ఉండే ఐదు ప్రొఫైల్ గళ్లలో ఒకదానిలో వేసవి కోసం, మరొకదానిలో చలికాలం కోసం దాచుకోండి. మృగశిర కార్తె వచ్చి వాన పడినంత మాత్రాన వెంటనే రెండో గడికి మారవద్దు. గాలిలో తేమ పెరిగి కూలర్ పనిచేయడం తగ్గుతుంది కాబట్టి, మధ్యాహ్నం మూడు గంటల కొలత మళ్లీ ఒకసారి తీసుకొని అప్పుడు మార్చండి.