ఫ్రీలాన్స్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ పాఠాలు – 4: గంటకు ఎంత అడగాలి?

ఏ ప్రత్యేక శిక్షణ ఎంచుకోవాలి, ఇన్సూరెన్స్ ఎలా తీసుకోవాలి, మొదటి విద్యార్థి ఎక్కడ దొరుకుతాడు అన్నవి కిందటి మూడు పాఠాల్లో చూశాం. ఇక డబ్బు దగ్గరికి వద్దాం. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఎదురుగాలి పక్కగాలి అయినా విమానాన్ని చక్కగా దించుతారు, ఫీజు చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే సీఎఫ్ఐ (ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) సర్టిఫికెట్ ఉండి, స్కూల్లో ఉద్యోగంగా కాకుండా సొంతంగా టెయిల్‌వీల్ (తోక కింద చిన్న చక్రం ఉండే విమానాలు), కొండల్లో ఫ్లయింగ్, సిరస్, బొనాంజా లాంటి కొత్త రకం విమానానికి మారే శిక్షణ (ట్రాన్సిషన్) నేర్పేవారి కోసం ఈ పాఠం. ఒక మాట ముందే చెప్పాలి. హెచ్-1బీ మీద ఉన్నవారు ఇలా పక్కన సంపాదించకూడదు, ఆ వీసా మీద పని చేసే అనుమతి స్పాన్సర్ చేసిన కంపెనీకే పరిమితం. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వారి భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి) ఉన్నవారికి ఆ బెంగ లేదు.

కొత్తగా దిగినవాళ్లు దగ్గర్లోని ఫ్లైట్ స్కూల్ రేటు చూసి, దానికి పదో పదిహేనో డాలర్లు కలిపి చెప్పేస్తారు. ఆ రేటు మీకు కొలత కాదు. అక్కడ ఆఫీసు ఖర్చు, ప్రచారం, విద్యార్థుల్ని తెచ్చే బాధ్యత స్కూలువి. పైగా అక్కడి ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది ఎయిర్‌లైన్ ఉద్యోగానికి కావలసిన 1,500 గంటలు కూడబెట్టుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు. వాళ్లకు లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) పడే గంట కూడా జీతమే. మీకు కాదు.

అసలు చిక్కు ఎంత అన్నదానిలో కంటే, దేన్ని గంట అంటున్నాం అన్నదానిలో ఉంది. ఒక టెయిల్‌వీల్ పాఠాన్ని గడియారం పెట్టుకుని చూద్దాం.

ఉదయం 8కి విద్యార్థి వస్తాడు. బోర్డు మీద బొమ్మ గీసి, బరువు మెయిన్ చక్రాల వెనక ఉంటుంది కాబట్టి విమానం కాస్త పక్కకి తిరిగితే తోక ముందుకు రావాలని చూస్తుందని, దాన్నే గ్రౌండ్ లూప్ అంటారని, కాళ్లు ఎప్పుడు ఎలా కదపాలో చెప్పేసరికి 40 నిమిషాలు. తోక చక్రం స్ప్రింగులు, బ్రేకులు చూపిస్తూ ప్రీఫ్లైట్‌కి, అంటే ఎగిరే ముందు తనిఖీకి, ఇంకో 20. సరిగ్గా 9కి ఇంజిన్ స్టార్ట్. దిగి ఆపాక, ఇంజిన్ తిరిగిన సమయాన్ని లెక్కించే హాబ్స్ మీటర్ మీద 1.1 గంటలు. విమానాన్ని కట్టేసి, ఏ ల్యాండింగ్‌లో కాలు ఎందుకు ఆలస్యమైందో మాట్లాడుకుని, లాగ్‌బుక్ రాసేసరికి 10:45.

హాబ్స్ గంటకు 80 డాలర్లు అన్నారనుకోండి, చేతికి 88 వస్తాయి. అతని హ్యాంగర్ మీ ఇంటికి 30 మైళ్ల దూరమైతే రానుపోను 60 మైళ్లు. కారు ఖర్చుకి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2025కి ఇచ్చిన మైలు రేటు 70 సెంట్లు, అంటే 42 డాలర్లు కారుకే పోయాయి. మిగిలిన 46 డాలర్లకు మీరిచ్చింది దారిలో గడిచిన గంటా ఇరవై నిమిషాలతో కలిపి నాలుగు గంటల పైమాటే. గంటకు 11 డాలర్ల చిల్లర. ట్యాక్స్ ఇంకా కట్టనే లేదు.

నష్టం మీ ఒక్కరిదే అయితే పోనీ అనుకోవచ్చు. హాబ్స్‌కి మాత్రమే డబ్బు తీసుకునేవాడు రెండు నెలల్లో బోర్డు దగ్గర 40 నిమిషాలను 10కి కుదిస్తాడు. కావాలని కాదు, కడుపు మాట అది. నేలమీద ఐదు నిమిషాల్లో అర్థమయ్యేది, ఆటో మీటర్ లాగా ఇంధనం ఖర్చవుతున్న కాక్‌పిట్‌లో, హెడ్‌సెట్ శబ్దంలో విద్యార్థి నేర్చుకోవాల్సి వస్తుంది. నేలమీద పాఠానికి విలువ లేదనుకునేవారికి ఒక్కటే గుర్తు చేస్తాను. పైలట్‌కి 24 నెలలకోసారి చేసే ఫ్లైట్ రివ్యూకి నిబంధన అడిగేదే కనీసం గంట ఫ్లయింగ్, గంట గ్రౌండ్. చట్టమే సమానంగా చూసిన గంటను మనం ఉచితంగా ఇచ్చేయడం ఎందుకు?

కాబట్టి నా పద్ధతి ఇది: విద్యార్థి ఎయిర్‌పోర్టుకి వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా ఒకే రేటు. గాల్లో ఉన్నా, బోర్డు దగ్గర ఉన్నా.

ఇప్పుడు ఆ రేటు కట్టే లెక్క. అంకెలు ఊహించినవి, మీవి వేసుకోండి. ఇల్లు, హెల్త్ ఇన్సూరెన్స్, పొదుపు కలిపి ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ముందు ఏడాదికి 70,000 డాలర్లు కావాలి. సొంతంగా పని చేసేవాడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వాటాలూ తనే కట్టాలి. 15.3 శాతం, అదీ నికర ఆదాయంలో 92.35 శాతం మీద, అంటే దాదాపు 14.1 శాతం. అది పోను 70,000 మిగలాలంటే 81,500 రావాలి. లయబిలిటీ ఇన్సూరెన్స్, పైలట్ మెడికల్ పరీక్ష, మీ సొంత ప్రాక్టీస్ ఫ్లయింగ్, యాప్‌లు, కారు అన్నీ కలిపి 14,000 వేద్దాం. మొత్తం 95,500.

వారాలు? వానలు, మంచు, జ్వరం, పండగలు తీసేస్తే 42 వారాలు. వారానికి బిల్లు చేయగలిగేది 20 గంటలు. అంతకంటే ఎక్కువ రాసుకోవద్దు, ఫోన్లు, షెడ్యూళ్లు, ప్రయాణాలు మిగతావి తినేస్తాయి. 840 గంటలు. 95,500ని 840తో భాగిస్తే గంటకు 114, అంటే 115. అదే పనిలో హాబ్స్ గంటలు వారానికి 12 అనుకుంటే, అంతే ఆదాయానికి గంటకు 190 అడగాలి. ఎదుటివాడికి 190 అంటే గుండె గుభేల్మంటుంది, 115 అంటే సబబుగా ఉంటుంది. కట్టేది దాదాపు అంతే.

ఎక్కువ గంటలు చేసి పూడ్చుకుందామంటే కుదరదు. 24 గంటల్లో 8 గంటలకు మించి ఫ్లైట్ ట్రైనింగ్ ఇవ్వకూడదని రూలుంది. టెయిల్‌వీల్‌లో నా మటుకు ఐదో గంటకే చూపు మందగిస్తుంది.

కొండల ఫ్లయింగ్‌కి గంటల లెక్క వదిలేయండి, రోజు రేటు పెట్టండి. కొలరాడోలోని లెడ్‌విల్ ఎయిర్‌పోర్టు 9,934 అడుగుల ఎత్తున ఉంది. ఎండ ముదిరితే గాలి పలచబడి, డెన్సిటీ ఆల్టిట్యూడ్ (విమానానికి తోచే ఎత్తు) అంతకంటే పైకి పోతుంది, కనుమల్లో గాలి పెరుగుతుంది. తెల్లవారగానే ఎగిరి మధ్యాహ్నానికి ముందే దిగాలి. మీ రోజంతా అందుకే పోయింది, గాల్లో ఉన్నది మూడు గంటలే అయినా సరే.

చేయకూడనిది ఒకటుంది: ఎండార్స్‌మెంట్‌కి, అంటే విద్యార్థి నేర్చుకున్నాడని లాగ్‌బుక్‌లో మీరు పెట్టే సంతకానికి, ప్యాకేజీ. టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్‌కి కనీసం ఇన్ని గంటలని ఎఫ్ఏఏ చెప్పలేదు. మామూలు, క్రాస్‌విండ్ (పక్కగాలి) టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు, వీల్ ల్యాండింగ్‌లు (ముందు చక్రాలు మాత్రమే తాకేలా దించడం), గో-అరౌండ్‌లు (దిగకుండా మళ్లీ పైకి లేవడం) సమర్థంగా చేయగలగాలి, అంతే. "ఇంత డబ్బుకి సంతకం గ్యారంటీ" అన్నాక, ఎనిమిదో గంటలో విద్యార్థి కాళ్లు ఇంకా కుదరకపోతే? అతనికి కోపం, మీకు టెన్షన్. సమయానికి డబ్బు తీసుకోండి, సంతకానికి కాదు.

వాతావరణం బాగోక రద్దయితే పైసా తీసుకోవద్దు. తీసుకుంటే "డబ్బు ఎలాగూ పోతుంది కదా, వెళ్దాం" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. చెప్పకుండా ఎగ్గొట్టినవారి దగ్గర మాత్రం ఒక గంట రేటు వసూలు చేయండి.

ఇక "అన్నా, మనవాళ్లకి ఎంత?" అన్న ప్రశ్న. రేటు తగ్గించకండి, ఒకరికి తగ్గిస్తే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు మొత్తానికి తెలిసిపోతుంది. ఫోన్లో అరగంట ఉచితంగా సలహా చెప్పండి. రేటు అడిగితే ఇంతే: "గంటకు 115, వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా. బ్రీఫింగ్ అందులోనే." తర్వాత మాట్లాడొద్దు. ఆ నిశ్శబ్దం భరించలేకే చాలామంది తమంతట తామే పది డాలర్లు తగ్గించేసుకుంటారు.

ఇంటిపని: వచ్చే రెండు వారాలు ప్రతి పాఠానికీ ఇల్లు వదిలిన సమయం, విద్యార్థి వచ్చిన సమయం, హాబ్స్, లాగ్‌బుక్ మూసిన సమయం రాసుకోండి. పై లెక్కలో 20, 12 స్థానంలో మీ అంకెలు వేయండి. ఐదో పాఠంలో ఆ రేటుని ఒక పేజీ ఒప్పందంగా రాద్దాం. విమానం ఓనర్ ఇన్సూరెన్స్ కంపెనీ అతనికి నష్టపరిహారం ఇచ్చి, ఆ సొమ్ము కోసం మీ మీదికి రాకుండా ఏ వాక్యం ఉండాలో అక్కడ చూద్దాం.