చెక్కిన దుంగ కుర్చీ ఎందుకు పగులుతుంది, చైన్‌సా ఎందుకు పక్కకి పోతుంది

గాలికి కూలిన చెట్టు దుంగో, పాత ఇల్లు విప్పితే మిగిలిన దూలమో దొరుకుతుంది, చైన్‌సాతో కుర్చీనో బెంచీనో చెక్కుతారు, తీరా ఎక్కడో తేడా కొడుతుంది. ఇలాంటివి బాగుచేసి పెట్టమని నా దగ్గరికి చాలా వచ్చాయి, నేను సొంతంగా పాడుచేసుకున్నవీ తక్కువేం కాదు. రంపం పట్టడం, చైన్ బిగించడం, హెల్మెట్, కాళ్లకి చాప్స్ ఇవన్నీ మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తా. పగిలిందని అడిగేవాళ్లు దుంగ కొస ముఖం వైపు ఒక్కసారి కూడా చూడరు. ఫొటో పంపమంటే పాలిష్ మెరిసే సీటు ఫొటో పంపుతారు. తిరగేసి, చెట్టు వయసు ఉంగరాలు కనిపించే వైపు చూడండి మహానుభావా, జవాబు అక్కడే రాసి ఉంటుంది.

కోత ఒక పక్కకి లాగేస్తోంది

నిటారుగా దింపుదామనుకుంటే బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి ఇనప పట్టీ) విల్లులా వంగి దిగుతుంది, చదునుగా రావాల్సిన సీటు గిన్నెలా తయారవుతుంది. చైన్‌లో ఎడమ పళ్లు, కుడి పళ్లు సమానంగా లేవన్నమాట. కోత ఎటు వంగుతోందో అటు వైపు పళ్లు పొడుగ్గా, పదునుగా ఉన్నాయి, రెండో వైపువి అరిగాయి. అన్నిట్లోకీ పొట్టి పన్ను ఏదో వెతికి మిగతావన్నీ దాని పొడవుకి దించండి. చేతివాటం వల్ల ఒక వైపు ఎక్కువ అరగదీయడం అందరికీ ఉన్న జబ్బే, సిగ్గుపడక్కర్లేదు. పన్ను ముందుండే చిన్న బొడిపెని కూడా చూడాలి, మామూలు చైన్లకి అది పన్ను అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుంటే సరిపోతుంది.

ఇదంతా చేశాక కూడా వంగుతోంది, కొత్త చైన్ వేసినా వంగుతోంది అంటే తప్పు బార్‌ది. బార్ విప్పి, గాడికి అటూ ఇటూ ఉన్న పట్టాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో మూలమట్టం పెట్టి చూడండి. ఎత్తుగా ఉన్నదాన్ని చదును ఆకురాయితో దించి, బార్‌ని తిరగేసి బిగించండి. చైన్ మార్చిన ప్రతిసారీ బార్ తిరగేసే అలవాటుంటే ఇంతదాకా రాదు. అలాగే 1.5 మిల్లీమీటర్ల గాడిలో 1.3 చైన్ వేసేసి, అది లోపల ఊగుతుంటే పదును మీద అనుమానపడేవాళ్లూ ఉన్నారు. బార్ మీద అంకె రాసి ఉంటుంది, చదవండి.

పేళ్లు రావడం లేదు, పొడి వస్తోంది

పదును పోయింది. ఆకురాయి పట్టండి. దొరికిన దుంగల బెరడులో ఇసుక, మట్టి ఇరుక్కుని ఉంటాయి, బెరడు తియ్యకుండా కోస్తే పది నిమిషాల్లో చైన్ మొద్దుబారుతుంది. ముందు బెరడు ఒలిచి, వైర్ బ్రష్‌తో రుద్ది, అప్పుడు మొదలుపెట్టండి.

ఒక్క మినహాయింపు ఉంది. కొస ముఖంలోంచి బార్ దింపి దుంగని నిలువునా చీల్చేటప్పుడు మంచి పదునున్న చైన్ కూడా సన్నటి పొట్టే ఇస్తుంది, ఎందుకంటే మామూలు చైన్ పళ్లని 30 డిగ్రీల కోణంలో అరగదీసేది అడ్డకోత కోసం. అదే దుంగని పడుకోబెట్టి, బార్‌ని నార (చెక్క పోగులు పారే దిశ) వెంబడి పొడుగ్గా ఆనించి కోస్తే జానెడు పొడుగు పోగులు వస్తాయి. కోత హాయిగా సాగుతుంది కానీ ఆ పోగులన్నీ స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్లచక్రం) కవర్లో కుక్కుకుపోయి చైన్ ఆగిపోతుంది. ఇంజిన్ పాడైందని కంగారు పడకండి, ఆపి, కవర్ తీసి లాగేయండి.

నిప్పురవ్వ మెరిసింది

మేకు. లేదా ఎప్పుడో కట్టిన తీగ చుట్టూ చెట్టు పెరిగిపోయి ఉంటుంది. వెంటనే ఆపండి, ఇంకొంచెం నెట్టి చూద్దాం అనుకుంటే పళ్లన్నీ పోతాయి. మెటల్ డిటెక్టర్ ఉంటే సరే, లేకపోతే కోసిన ముఖం మీద నీలం కలిసిన నల్ల మరక కోసం చూడండి. తుమ్మ, ఓక్ లాంటి టానిన్ ఎక్కువున్న చెక్కలో ఇనుము ఉంటే చుట్టూ అలాంటి మరక పాకుతుంది. మరక మొదలైందంటే మేకు ఆ వరసలోనే ఎక్కడో ఉంది. ఉలితో తవ్వి తీసేయడమే.

చెక్కిన కొన్నాళ్లకే నిలువునా పగిలింది

అసలు కథ ఇది. మొదటి కారణం అందరికీ తెలిసినదే, అయినా ఎవరూ చూడనిది: ముక్క లోపల దవ్వ ఉండిపోవడం. దవ్వ అంటే ఉంగరాలన్నిటికీ నడిమధ్యలో ఉండే చుక్క. చెక్క ఎండేటప్పుడు ఉంగరం చుట్టూ ఎంత కుంచించుకుంటుందో, మధ్య నుంచి బయటికి సుమారుగా అందులో సగమే కుంచించుకుంటుంది. ఇప్పుడు గుండ్రటి దుంగని ఊహించుకోండి. చుట్టుకొలత ఎక్కువ తగ్గాలంటుంది, వ్యాసార్థం అంత తగ్గనంటుంది. ఆ తేడా ఎక్కడికి పోతుంది? బయట వెడల్పుగా, దవ్వ దగ్గర సన్నగా ఒక పగులై తెరుచుకుంటుంది. మీ పనితనం లోపం కాదు, పాలిష్ లోపం అంతకన్నా కాదు. దుంగని దవ్వ మీదుగా రెండు చేసి, ఒక్కో సగంలోంచి సీటు చెక్కితే ఈ గొడవ చాలావరకు పోతుంది, ఎండాక ఆ కోసిన ముఖం మధ్యలో కాస్త ఉబ్బుతుంది, దాన్ని మళ్లీ చదును చేసుకోవచ్చు.

రెండోది దొంగ కారణం. నన్ను రెండుసార్లు ముంచింది.

ఒక దుంగ మూడేళ్లుగా షెడ్డు కింద పడి ఉంది. బెరడు దానంతటదే రాలిపోయింది, కొసలు బూడిద రంగుకి తిరిగి, సన్నటి నెర్రెలు పట్టి, తడితే టంగుమంటోంది. మాయిశ్చర్ మీటర్ (చెక్కలో తడి కొలిచేది) గుచ్చితే 13 శాతం. ఇంకేం కావాలి అనుకున్నాను. సగానికి చీల్చి, దవ్వ తీసేసి, వెనక ఎత్తు వీపున్న కుర్చీ చెక్కి, ఇసుక కాగితం పట్టి, పైనుంచి మూడు పూతలు ఫినిష్ కొట్టాను. తొమ్మిదో రోజు రాత్రి ఫట్‌మని చప్పుడు. పొద్దున చూస్తే సీటు ముందు అంచు నుంచి వీపు మొదలు దాకా వేలు దూరేంత పగులు. తప్పు పాలిష్ మీదకి నెట్టి, ఇంకో దుంగ తీసుకుని మళ్లీ అదే చేశాను. అదీ పగిలింది. అప్పుడు గానీ బుద్ధి రాలేదు.

జరిగింది ఇదీ. మీటర్ పిన్నులు చెక్కలోకి దిగేది కొన్ని మిల్లీమీటర్లే. అది చెప్పిన 13 పై పొరది. దుంగ నీళ్లు వదిలేది ఎక్కువగా కొసల నుంచి, పక్కల నుంచి చాలా నెమ్మదిగా. అందుకే కొసలు ఎండి పగిలి "నేను ఎండిపోయాను" అని నమ్మిస్తాయి, లావు దుంగ కడుపులో మాత్రం తడి ఇంకా 30 శాతం ఉంటుంది. పలకలకి అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క దుంగకి పనికిరాదు, దుంగకి ఇంకా ఎక్కువ పడుతుంది. చెక్క కుంచించుకోవడం మొదలయ్యేది కూడా సుమారు 30 శాతం నుంచి కిందికి దిగేటప్పుడే, అంటే లోపలి చెక్క ఇంకా తన కుంచించుకునే పని మొదలే పెట్టలేదు. మనమేమో పైన ఎండిన పొరంతా చైన్‌సాతో తీసేసి, ఆ పచ్చి కడుపుని గాలికి చూపించాం. అక్కడ ఒక్కసారిగా ఎండడం మొదలవుతుంది. పైగా సీటు 5 సెంటీమీటర్లు, దాని కింద మొద్దు 25 సెంటీమీటర్లు ఉంటే పలుచనిది ముందు ఎండి లాగుతుంది, మందంగా ఉన్నది రానంటుంది. పైముఖానికి ఫినిష్ కొట్టి అడుగు వదిలేశామా, తడి ఒక వైపు నుంచే పోతూ ఇంకా దెబ్బ.

కాబట్టి చూడాల్సిన పద్ధతి ఇది. దుంగ కొస నుంచి కనీసం 30 సెంటీమీటర్లు లోపలికి కోసి, ఆ తాజా ముఖం మధ్యలో వెంటనే మీటర్ పెట్టండి. ఇంకా గట్టి లెక్క కావాలంటే ఆ చోటు నుంచే పలుచటి బిళ్ల తీసి తూచండి, 103 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువుని ఎండిన బరువుతో భాగిస్తే శాతం వస్తుంది. 420 గ్రాముల ముక్క 320 దగ్గర ఆగిందంటే పోయింది 100, అంటే 31 శాతం. ఆ దుంగ కుర్చీకి ఇంకా పచ్చిదే. ఇంట్లో ఉండే సామానుకి 12 లోపు రావాలి.

పచ్చిదైతే వదిలేయనక్కర్లేదు. పచ్చి చెక్కే రంపానికి హాయి. రూపం వచ్చేదాకా గరుకుగా చెక్కండి, అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వదలండి, మందం వీలైనంత సమానంగా ఉండేలా మొద్దుగా ఉన్నచోట కింది నుంచి డొల్ల చెయ్యండి, డ్రమ్ములాంటి స్టూలైతే గోడ నాలుగైదు సెంటీమీటర్లు చాలు. నార తెగిన ముఖాలన్నిటికీ, కొసలే కాదు, వంపుల్లో నార బయటపడిన చోట్లు కూడా, మైనమో మిగిలిన పాత పెయింటో దట్టంగా పట్టించండి. ఎండా ఫ్యానూ తగలని చోట పెట్టి వారానికోసారి తూచి చాక్‌పీసుతో దాని అడుగునే రాయండి. బరువు తగ్గడం ఆగాక తుది చెక్కుడు, ఇసుక కాగితం, ఫినిష్, అదీ అడుగుకి కూడా. నెలలు పడుతుంది. లావుదైతే ఏడాది దాటుతుంది, అవును.

రూపం కోసం దుంగ గుండ్రంగానే ఉండాలి, దవ్వ తియ్యలేను అంటారా, అప్పుడు పగులు ఎక్కడ రావాలో మీరే నిర్ణయించండి: వెనక వైపో అడుగునో బయటి నుంచి దవ్వ దాకా నిలువుగా ఒక రంపపు కోత పెట్టండి. లాగుడంతా ఆ కోత వెడల్పు అవడంలో పోతుంది. ఎండాక అదే చెక్క చీలికని అందులో దిగ్గొట్టి చెక్కేస్తే పని అయిపోతుంది.

ఇప్పటికే పగిలిపోయింది, ఏం చెయ్యాలి

ఏమీ చెయ్యకండి, ఇప్పుడే. ఫిల్లర్ కుక్కాలని, ఎపాక్సీ పోయాలని చేతులు దురదపెడతాయి. కదులుతున్న పగుల్లో ఏది పోసినా అది ఊడుతుంది, లేదా పక్కన ఇంకో పగులు పుడుతుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. గీత దాటిందా, ఇంకా ఎండుతోంది. రెండు నెలల పాటు గీత దాటకుండా, వెడల్పు మారకుండా ఉంటే అప్పుడు పూడ్చండి. సన్నటి పైపై నెర్రెలు లోపల ఎండేకొద్దీ కొన్ని వాటంతటవే మూసుకుంటాయి. పెద్దదానికి సీతాకోకచిలుక ఆకారపు చెక్క తాళం వెయ్యండి, దాని నార పగులుకి అడ్డంగా వెళ్లాలి. పగులు వెంబడి పెట్టారంటే నడుం దగ్గర అదే విరుగుతుంది, ఇలా పెట్టినవి నేను చాలా పీకాను.

మిగతా కారణాలు

ఉంగరం వెంబడి గుండ్రంగా విడిపోయిన పగులుంటే అది చెట్టు నిలబడి ఉన్నప్పటిది, ఆ దుంగని కుర్చీకి వాడకండి. నీలగిరి లాంటివి కోస్తుండగానే చీలతాయి, పెరిగేటప్పుడు లోపల పట్టిన బిగువు అది, పలుచటి పనికి వేరే చెక్క చూసుకోండి. పురుగు వల్ల పగిలిందంటారు కొందరు. పురుగు చిల్లులు పెడుతుంది, నిలువునా చీల్చదు.

కాళ్లు ఊగుతున్నాయి

నాలుగు కాళ్లూ ఒకే దుంగలోంచి చెక్కినదైతే ఎండి ఒక కాలు పొట్టిదై ఉంటుంది. చదును నేల మీద నిలబెట్టి, పెన్సిల్‌ని ఒకే ఎత్తు చెక్కముక్క మీద ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ గీసి, ఆ గీతకి కోసేయండి. కాళ్లు విడిగా చేసి బెజ్జాల్లో దిగ్గొట్టినవైతే, సీటు ఎండిందో లేదో కాదు, ముందు కాలు ఎండిందో లేదో చూడండి. పచ్చి కాలు బెజ్జంలో సన్నబడి వదులవుతుంది. తీసి, బాగా ఎండిన కాలు వేసి, పైనుంచి చీలిక కొట్టండి, చీలిక సీటు నారకి అడ్డంగా ఉండాలి. నార వెంబడి కొట్టారో, సీటు మళ్లీ చీలుతుంది.