వృద్ధుల సంరక్షణలో సర్టిఫికెట్: ఎలా తెచ్చుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి?

కొన్నేళ్ల కిందట మర్రిగూడ వైపు ఒక ఊళ్లో, మంచం పట్టిన తాతను చూడటానికి వెళ్లాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆయన వెన్ను వంగి అలాగే బిగుసుకుపోయింది. మెడ తిరగదు. నేను చదువుకున్న పద్ధతిలో వెల్లకిలా పడుకోబెట్టబోయాను. పక్కనే ఉన్న కోడలు చెయ్యి అడ్డం పెట్టింది. "అట్ల గాదక్కా, గట్ల పండవెడితే ఆయనకు పానం తక్లీఫ్ అయితది" అని తల కింద రెండు దిండ్లు, మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి పెట్టి, మెల్లగా ఒక పక్కకు ఒరిగించింది. నర్సుగా నాకు అప్పటికే చాలా ఏళ్ల సర్వీసు. అయినా ఆరోజు పాఠం నేర్చుకున్నది నేనే.

ఆ తాత పోయాక ఆమె హైదరాబాద్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లింది. ఏజెన్సీలో మొదటి ప్రశ్న: "సర్టిఫికెట్ ఉందా?" లేదు. పని వచ్చు కానీ, వచ్చని చూపించే కాగితం లేదు. ఈ వ్యాసం ఆమెలాంటి వాళ్ల కోసం, నాలాంటి నర్సుల కోసం కూడా. ఎందుకంటే కాగితాల దగ్గర నేనూ దెబ్బ తిన్నాను. అది చివర్లో చెబుతాను.

ముందు పేర్లు సరిచూసుకోండి

కోర్సు గురించి తర్వాత. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, మెమోలో పుట్టింటిది. మన దగ్గర సగం దరఖాస్తులు ఇక్కడే చిక్కుకుంటాయని నా అనుభవం. కేంద్ర ప్రభుత్వ శిక్షణలు చాలావరకు ఇప్పుడు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే వెబ్‌సైట్‌లో ఆధార్ ఈ-కేవైసీతోనే నమోదవుతాయి. అక్కడ ఏ పేరుంటే సర్టిఫికెట్ మీద అదే పడుతుంది. తర్వాత మార్పించడం కంటే ఇప్పుడే ఆధార్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి రావడం మేలు. ఫోన్ నంబరు కూడా ఆధార్‌కు లింకై ఉండాలి. ఓటీపీ మీ ఆయన ఫోన్‌కు వస్తే, ఆయన పుణెలో పనిలో ఉంటే, నమోదు అక్కడే ఆగిపోతుంది.

మీ దారి ఏది?

నర్సింగ్ చదవనివాళ్లకు అందుబాటులో ఉన్నవి హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కోర్సులు. ఇందులో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్, జీరియాట్రిక్ కేర్ (వృద్ధుల సంరక్షణ) అని వేర్వేరుగా ఉంటాయి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన (పీఎంకేవీవై) కింద బ్యాచ్ నడిస్తే ఫీజు ఉండదు. గ్రామీణ పేద యువతకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ ప్రత్యేకంగా వృద్ధుల సంరక్షకులకే శిక్షణ ఇప్పిస్తుంది. ఇంట్లో పని వదిలి రోజూ వెళ్లలేనివాళ్లు ఇగ్నో ఆరోగ్య కోర్సులు కూడా చూడొచ్చు.

నా సలహా అడిగితే, నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జీరియాట్రిక్ బ్యాచ్ కోసం ఏడాది ఎదురుచూడకండి. ముందు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ దొరికితే అది చేసేయండి. రోగిని తిప్పడం, స్నానం, తిండి, బీపీ చూడటం వంటి పునాది పనులు రెండింటిలోనూ ఉంటాయి. ఆస్పత్రిలో అయినా ఇంట్లో అయినా పనికొస్తుంది. వృద్ధుల కోర్సు దాని మీద తర్వాత చేసుకోవచ్చు.

జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ల సంగతి వేరు. మీరు ఈ సహాయకుల కోర్సుల జోలికి పోనక్కర్లేదు. భారత నర్సింగ్ కౌన్సిల్ ఆమోదించిన పోస్ట్ బేసిక్ డిప్లొమాల్లో వృద్ధుల నర్సింగ్ ఉంది, ఏడాది కోర్సు. చేరేముందు ఆ కాలేజీకి సరిగ్గా ఆ కోర్సుకే ఆమోదం ఉందా అని కౌన్సిల్ జాబితాలో చూసుకోండి.

ఇప్పటికే పని వచ్చినవాళ్లకు

మొదట చెప్పిన కోడలిలాంటి వాళ్లకు ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది. మనకు వచ్చిన పనిని పరీక్షించి గుర్తించడం అన్నమాట. నెలల తరబడి క్లాసులు ఉండవు. ముందు పరిచయ తరగతి, ఆ తర్వాత పరీక్ష. పీఎంకేవీవై 4.0లో దీనికి వయసు 18 నుంచి 59 దాకా. ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో జిల్లా ఉపాధి కార్యాలయంలోనూ, దగ్గరలోని శిక్షణ కేంద్రాల్లోనూ అడుగుతూ ఉండాలి. అడగకపోతే మనదాకా రాదు. అనుభవానికి రుజువుగా మీరు చూసుకున్న కుటుంబం నుంచి తేదీలతో, సంతకంతో ఒక చిన్న ఉత్తరం రాయించుకోండి. ఏజెన్సీలో ఇంటర్వ్యూ రోజున కూడా అది మీ పక్షాన మాట్లాడుతుంది.

సెంటర్‌ను మీరే పరీక్షించండి

"పదిహేను రోజుల్లో సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ" అని బస్టాండ్ గోడ మీద కాగితం కనబడితే ముందు రెండు మాటలు అడగండి. ఈ కోర్సుకు ఎన్ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) లెవెల్ ఎంత? సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను నియంత్రించే జాతీయ మండలి) గుర్తింపు ఉందా? జవాబులో తడబాటు ఉంటే లేచి వచ్చేయండి. ఆ తర్వాత ల్యాబ్ చూపించమనండి. మంచం, రోగి బదులు సాధన చేసే బొమ్మ, వీల్‌ఛైర్, బీపీ మిషన్ ఉండాలి. దుమ్ము పట్టి ఉంటే ఎవరూ తాకలేదని అర్థం. నేను అయితే వీల్‌ఛైర్ బ్రేక్ నొక్కి చూస్తాను. బ్రేకు పడకపోతే అక్కడ పాఠమూ పడలేదు.

ఆస్పత్రి ప్రాక్టికల్ ఎక్కడ చేయిస్తారో కూడా తెలుసుకోండి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మా చదువు రోజుల్లో ఇలాంటి వార్డులు చూడాలంటే హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిందే.

క్లాసులో నిజంగా నేర్చుకోవాల్సినవి

చాలామంది పుస్తకం బట్టీ పడతారు. పరీక్షలో ఎక్కువమంది తడబడేది చేతి పని దగ్గర.

చేతులు కడగడం చిన్న పనిలా కనిపిస్తుంది. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కొనలు. పరీక్షకుడు మొదట చూసేదే ఇది.

మంచం మీదున్న మనిషిని కనీసం రెండు గంటలకొకసారి తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే, వెంటనే నర్సుకు చెప్పాలి. ఆ చోట నూనె పెట్టి గట్టిగా రుద్దే అలవాటు మన ఇళ్లలో ఉంది, అది మానాలి. లోపల దెబ్బతిన్న చర్మం రుద్దితే ఇంకా పాడవుతుంది.

పక్షవాతం వచ్చినవాళ్లను లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి. భుజం జారిపోతుంది. వీల్‌ఛైర్‌ను వాళ్లకు బలమున్న పక్కన పెట్టి, బ్రేకులు వేసి, కాళ్ల పలకలు పైకి మడిచి, మీ మోకాళ్లు వంచి దగ్గరగా పట్టుకుని లేపాలి. నడుం వంచి లేపితే నాలుగేళ్లలో మీరూ రోగి అవుతారు.

తిండి పెట్టేటప్పుడు వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి. గటక అయినా అంబలి అయినా చిన్న చెంచాతో, ఒకటి మింగాకే రెండోది. తిన్నాక అరగంట పాటు పడుకోబెట్టకూడదు. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే, గొంతు తడిగా గరగరమంటుంటే తినిపించడం ఆపి డాక్టరుకు చెప్పాలి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. నల్గొండ పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న వృద్ధులు ఎదురవుతారు. ఎముక చూడటానికి గట్టిపడినా పెళుసుగా ఉంటుంది, కీళ్ల దగ్గర కండర బంధాలు గట్టిపడి బిగుసుకుంటాయి. సడెన్‌గా లాగకూడదు, వంగని మెడను వంచకూడదు. ఎలా పడుకుంటే సుఖమో వాళ్లనే అడగండి. పాలమూరు వైపు ఇంకో రకం ఇబ్బంది. పిల్లలు వలస పోయి, ఇంట్లో ముసలివాళ్లిద్దరే మిగిలిన ఇళ్లు. మాత్రలు రెండుసార్లు మింగడమో, అసలు మింగకపోవడమో జరుగుతుంది. ఉదయం మాత్రలు ఒక రంగు సంచిలో, రాత్రివి ఇంకో రంగు సంచిలో పెట్టడం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా పని చేస్తుంది.

పరీక్ష రోజు

పరీక్షలో రాతపని, ప్రాక్టికల్, మౌఖికం ఉంటాయి. పరీక్ష తీసుకునేది మీ టీచరు కాదు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు. కాబట్టి "మా మేడమ్‌కు నా పని తెలుసు" అనే ధీమా పనికిరాదు. తెలుగులో రాసే వీలుందా అని చేరేటప్పుడే అడిగి పెట్టుకోండి. ప్రాక్టికల్‌లో మౌనంగా చేయకండి. "అవ్వా, ఇప్పుడు మిమ్మల్ని కుడి పక్కకు తిప్పుతాను, సరేనా?" అని బొమ్మతో అయినా సరే మాట్లాడండి. తెర వేయడం, ఒళ్లు కప్పి ఉంచడం మర్చిపోకండి. టెన్షన్‌లో అందరూ మర్చిపోయేది అదే. ఫెయిలైతే మళ్లీ రాయొచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కాగితం చేతికి వచ్చాక

సర్టిఫికెట్ డిజిటల్‌గా వస్తుంది. డిజీలాకర్‌లో పెట్టుకోండి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. పనిలో చేరే ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఇళ్లలో పనికి పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు, అదీ సిద్ధంగా ఉంచుకోండి. జీతం కంటే ముందు మాట్లాడుకోవాల్సింది డ్యూటీ గంటలు. పన్నెండు గంటలా, ఇరవై నాలుగు గంటలు అక్కడే ఉండాలా, రాత్రి నిద్ర ఉందా? ఇంటిపని కూడా మీ మీదే వేస్తారా? వీటికి జవాబు కాగితం మీద తీసుకోండి. మీరు చూసుకునే పెద్దవాళ్లకు ఇంట్లోనే వేధింపు జరుగుతున్నట్టు కనిపిస్తే 14567కు ఫోన్ చేయొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ అది, ఖర్చు ఉండదు.

జపాన్ వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ సంరక్షణ పనికి మన సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. జపనీస్ భాషలో ఎన్4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష, సంరక్షణ నైపుణ్య పరీక్ష, ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష పాసవ్వాలి. మధ్యవర్తికి పైసలు కట్టేముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో విచారించండి. ఇక నెట్‌లో కనిపించే అమెరికా వృద్ధుల నర్సింగ్ సర్టిఫికెట్ రిజిస్టరైన నర్సులకు మాత్రమే, సహాయకులు ఆశపడి ఫీజు కట్టకండి.

రెన్యువల్: అసలు తిప్పలు ఇక్కడే

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ శిక్షణ కార్డుకు గడువు ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డు రెండేళ్లే చెల్లుతుంది. చెయ్యి కూడా అప్పటికి మరిచిపోతుంది: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకు కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు. స్కిల్ కౌన్సిల్ కోర్సుల పాఠ్యాంశాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. మీ కోర్సుకు కొత్త వెర్షన్ వచ్చిందేమో ఏడాదికోసారి చూసుకుంటే, తేడా ఉన్న భాగం నేర్చుకోవచ్చు.

నర్సులకు లెక్క ఇంకా కచ్చితం. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం ఆ ఐదేళ్లలో 150 గంటల సీఎన్ఈ, అంటే నిరంతర నర్సింగ్ విద్య, చూపించాలి. ఏడాదికి ముప్పై. ఎన్‌ఆర్‌టీఎస్‌లో (నర్సుల జాతీయ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) నమోదై ఎన్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు తెచ్చుకోనివాళ్లు ముందు ఆ పని చూడండి.

నాకు జరిగింది ఇది. నాలుగేళ్లు సెమినార్లకు వెళ్లాను, సంతకాలు పెట్టాను, భోజనం చేసి వచ్చాను. ఒక ఆస్పత్రి "సర్టిఫికెట్లు తర్వాత పంపిస్తాం" అంది, పంపలేదు. రెన్యువల్‌కు వెళ్లేసరికి హాజరైన గంటల్లో సగానికి రుజువు లేదు. చివరి ఏడాదంతా సెలవులు పెట్టి, గంటలు పోగేసుకోవడానికి హైదరాబాద్ తిరిగాను.

అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, విషయం, ఎవరు నిర్వహించారు, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ చేతికి వచ్చిందా: ఐదు గళ్లు. చివరి గడి నిండేదాకా హాలు నుంచి కదలను. మా జూనియర్లు నవ్వుతారు, "అక్క సర్టిఫికెట్ తీసుకునేదాకా కుర్చీ దిగదు" అని. వాళ్లలో ఇద్దరికి ఈ ఏడాదే రెన్యువల్ ఉంది.