ఆన్‌లైన్ అమ్మకం నేర్చుకుందాం – 4వ పాఠం: వచ్చిన డబ్బు వెనక్కి పోయే దారులు

గత పాఠంలో గేట్‌వే (సైట్‌లో కార్డు చెల్లింపులు తీసుకునే సేవ) ఖాతా తెరిచి మొదటి చెల్లింపు అందుకునే దాకా వచ్చాం. ఆ డబ్బు ఏయే దారుల్లో వెనక్కి పోతుందో, డబ్బు వెనక్కి కావాలనే క్లెయిమ్ వచ్చినప్పుడు జవాబు ఎలా రాయాలో ఈసారి చూద్దాం. చివర్లో చిన్న అభ్యాసం ఉంది, పక్కన కాగితం పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక తేడా. రీఫండ్ మీరు ఇచ్చేది. చార్జ్‌బ్యాక్ మిమ్మల్ని అడక్కుండానే తీసుకునేది. కొన్న మనిషి మీతో ఒక్క మాటైనా చెప్పకుండా తన కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ద్వారా మీ తరఫు బ్యాంకు నుంచి ఆ మొత్తం వెనక్కి లాగుతుంది. మీ తరఫు బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతాలో కోస్తుంది, పైన చార్జ్‌బ్యాక్ ఫీజు ఒకటి వేస్తుంది. మీరు ఆధారాలతో జవాబిచ్చి కేసు గెలిస్తే ఆ ఫీజు తిరిగి వస్తుందా రాదా అన్నది గేట్‌వే ఒప్పందంలో ఉంటుంది. చాలామంది ఆ పేజీ చదవరు. మీరు చదవండి.

ఈ ఏర్పాటు అమ్మేవాళ్ల మీద కక్షతో పుట్టింది కాదు. కార్డు బిల్లులో తప్పు పడితే ప్రశ్నించే హక్కును అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ ఇచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్, వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉంటే అమ్మినవాడితో పాటు క్రెడిట్ కార్డు కంపెనీ కూడా బాధ్యురాలేనని చెప్పింది. కార్డు మీద జనానికి నమ్మకం కుదిరిందే ఇలాంటి రక్షణల వల్ల. ఆ నమ్మకం లేకపోతే ముక్కూ మొహం తెలియని మీ సైట్‌లో ఎవరూ కార్డు నంబరు కొట్టరు.

సెటిల్‌మెంట్ అయిపోయింది, అంటే డబ్బు మీ ఖాతాలో పడింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటిలోనూ చాలా రకాల ఫిర్యాదులకు గడువు 120 రోజులు. సరుకు తర్వాతెప్పుడో అందాల్సి ఉంటే ఆ లెక్క అందాల్సిన తేదీ నుంచి మొదలవుతుంది. అలా సాగి సాగి చెల్లింపు జరిగిన రోజు నుంచి 540 రోజుల దాకా పోవచ్చు. పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవలో కొన్నవాళ్లకు ఉన్న గడువు 180 రోజులు. అడ్వాన్సు తీసుకుని నెలల తర్వాత ఇచ్చే వ్యాపారమైతే ఆ అడ్వాన్సును ఇంకా మీది కాని డబ్బుగానే లెక్క వేసుకోండి. అంతా ఖర్చు పెట్టేశాక ఒకేసారి పది క్లెయిమ్‌లు వస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇక అసలు పని. క్లెయిమ్ నోటీసు రాగానే అందరి కళ్లూ మొత్తం మీద పడతాయి. మీరు మాత్రం రీజన్ కోడ్, అంటే ఫిర్యాదు కారణాన్ని తెలిపే నంబరు చూడండి. వీసా కోడ్‌లు నాలుగు కుటుంబాలు: 10తో మొదలైతే మోసం, 11 అయితే అనుమతి లోపం, 12 అయితే లెక్కల పొరపాటు, 13 అయితే కొనుగోలుదారు ఫిర్యాదు. 11, 12 మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఒకే బిల్లు రెండుసార్లు పడిందంటే రికార్డులు తీసి చూడండి. నిజమైతే ఒప్పుకోండి, కాకపోతే రెండు వేర్వేరు ఆర్డర్ల బిల్లులు పంపండి, సరిపోతుంది. అమ్మేవాళ్లను నిజంగా ముంచేవి మూడు: 10.4, 13.1, 13.3.

10.4 అంటే, కార్డు చేతిలో లేకుండా జరిగిన చెల్లింపు గురించి ‘ఇది నేను చేయలేదు’ అనడం. దీనికి మందు క్లెయిమ్ వచ్చాక కాదు, అమ్మే రోజునే వేసుకోవాలి. త్రీడీ సెక్యూర్ ద్వారా, అంటే ఓటీపీ లాంటి ధ్రువీకరణతో చెల్లింపు పూర్తయితే మోసం తాలూకు నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి వెళ్తుంది. అలాగని అన్నిటికీ అదే కవచం అనుకోకండి. ఓటీపీ కొట్టిన మనిషే రేపు ‘సరుకు రాలేదు’ అంటే ఆ ధ్రువీకరణ మిమ్మల్ని కాపాడదు.

కొన్నది తామే అయినా కొనలేదని చెప్పేవాళ్లూ ఉంటారు. ఇంట్లో పిల్లలు కొన్నది తెలియక అనేవాళ్లు కొందరు, తెలిసే అనేవాళ్లు కొందరు. స్టేట్‌మెంట్‌లో పడిన పేరు గుర్తుపట్టక కంగారుపడేవాళ్లూ తక్కువేమీ కాదు. మీ సైట్ పేరు ఒకటి, బిల్లులో కనిపించే కంపెనీ పేరు ఇంకొకటి అయితే ఈరోజే మార్పించండి. ఇంత తేలిగ్గా నష్టం తగ్గించే పని ఇంకోటి లేదు.

తెలిసే అబద్ధం చెప్పేవాళ్ల కోసం వీసా 2023 ఏప్రిల్ నుంచి ఒక నియమం తెచ్చింది. దాని ప్రకారం 10.4 క్లెయిమ్‌ను తిప్పికొట్టాలంటే, అదే కార్డుతో మీ దగ్గర ఇంతకుముందు జరిగి, మోసమని ఫిర్యాదు రాని రెండు చెల్లింపులు మీరు చూపాలి. అవి 120 నుంచి 365 రోజుల పాతవై ఉండాలి. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు), డివైస్ (వాడిన ఫోన్ లేదా కంప్యూటర్) గుర్తింపు, లాగిన్ ఐడీ, డెలివరీ చిరునామాల్లో కనీసం రెండు ఇప్పటి చెల్లింపుతో కలవాలి. ఆ రెండింటిలో ఒకటి ఐపీగానీ డివైస్‌గానీ అయి తీరాలి. కాబట్టి ప్రతి ఆర్డరుతో పాటు ఐపీ, డివైస్ వివరాలు భద్రం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. క్లెయిమ్ వచ్చాక వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

13.1 అంటే సరుకు అందలేదని. ఈ క్లెయిమ్‌కు ఒక అమ్మకందారు రాసే జవాబు ఇలా ఉందనుకోండి:

‘మేము ఎంతో నిజాయితీగా వ్యాపారం చేస్తున్నాం. ఈ కస్టమర్ మొదటి నుంచీ ఇబ్బంది పెడుతున్నారు. మా వస్తువులు చాలా నాణ్యమైనవి. సరుకు ఎప్పుడో పంపేశాం. దయచేసి న్యాయం చేయండి.’

ఇందులో అడిగినదానికి జవాబు ఒక్కటీ లేదు. నాణ్యత గురించి ఎవరూ అడగలేదు. పంపడం వేరు, అందడం వేరు. ఇదే జవాబును ఇలా రాయాలి:

‘ఆర్డరు మార్చి 3న వచ్చింది. చెల్లింపులో ఇచ్చిన చిరునామాకే మార్చి 4న పంపాం. కొరియర్ రికార్డు ప్రకారం మార్చి 8న అందింది, సంతకం జతచేశాం. మార్చి 10న కొనుగోలుదారు వాడే విధానం అడుగుతూ రాసిన మెయిల్ కూడా జతచేశాం.’

నాలుగు వాక్యాలు, నాలుగు తేదీలు. చదివే బ్యాంకు ఉద్యోగి ముందు ఇలాంటి ఫైళ్లు బోలెడు ఉంటాయి. మీ ఆవేదన చదివే తీరిక ఆ మనిషికి ఉండదు. ఆ చివరి మెయిల్ చూశారా? సరుకు అందలేదన్నవాళ్లు దాన్ని ఎలా వాడాలని అడగరు. ఒక్కోసారి సంతకం కన్నా అలాంటి మెయిలే గట్టి సాక్ష్యం. ఈ గొలుసులో చిరునామా దగ్గర తెగితే మిగతాదంతా వృథా. డబ్బు కట్టాక ‘వేరే చోటుకు పంపండి’ అని మెసేజ్ వస్తే, ఆ ఆర్డరు రద్దు చేసి కొత్త చిరునామాతో మళ్లీ ఆర్డరు పెట్టమనండి. పేపాల్ అమ్మకందారు రక్షణ కూడా లావాదేవీలో కనిపించే చిరునామాకు పంపిన సరుకుకే వర్తిస్తుంది.

13.3 అంటే చెప్పినట్టు లేదు, లేదా పాడైంది అని. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే వాదన అభిప్రాయం మీద నడుస్తుంది. అమ్మిన రోజు సైట్‌లో ఉన్న వర్ణన, ఫొటోల కాపీ మీ దగ్గర ఉండాలి. ఆ తర్వాత మీరు పేజీ మార్చి ఉంటే ఇప్పటి పేజీ చూపించి లాభం లేదు. వాపసు వచ్చిన పెట్టెలో వేరే వస్తువు ఉండటం, అసలు ఏమీ లేకపోవడం కూడా జరుగుతుంది. పంపేటప్పుడు సీరియల్ నంబరు రాసుకోండి, బరువు నమోదు చేయించండి, వాపసు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి.

ఒక పాత ఎత్తు గురించి కూడా చెప్పాలి. ‘పొరపాటున ఎక్కువ కట్టాను, మిగతాది ఈ వేరే ఖాతాకు పంపండి’ అంటారు. మీరు పంపుతారు. తర్వాత ఆ కార్డు దొంగిలించినదని తేలి అసలు మొత్తం చార్జ్‌బ్యాక్‌లో పోతుంది, మీరు పంపింది ఎలాగూ పోయింది. ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే రీఫండ్ చేయండి, ఇందులో మినహాయింపు వద్దు.

ఇన్ని చెప్పాక కూడా, ప్రతి క్లెయిమ్ మీదా పోరాడమని నేను చెప్పను. గెలిచిన చార్జ్‌బ్యాక్ కూడా లెక్కలో చార్జ్‌బ్యాకే. ఒక నెలలో 100 చార్జ్‌బ్యాక్‌లు, అంతకుముందు నెల లావాదేవీల్లో 1.5 శాతం, ఈ రెండూ చేరిన వ్యాపారిని మాస్టర్‌కార్డ్ ప్రత్యేక నిఘాలో పెడుతుంది. బ్యాంకు మీ ఖాతా మూసేసి మ్యాచ్ అనే, ఇలా ఖాతా పోయిన వ్యాపారుల జాబితాలో పేరు ఎక్కిస్తే అది 5 ఏళ్లు అక్కడే ఉంటుంది, ఆ లోపల ఇంకో బ్యాంకు ఖాతా ఇవ్వడానికి జంకుతుంది. అందుకే కోపంగా ఉన్న కస్టమర్ బ్యాంకు దాకా వెళ్లకముందే, న్యాయం సగం మీ వైపే ఉందనిపించినా, చిన్న మొత్తాలకు రీఫండ్ ఇచ్చి వదిలించుకోండి. అయితే బ్యాంకు నుంచి నోటీసు వచ్చేశాక మాత్రం విడిగా రీఫండ్ చేయకండి, డబ్బు రెండుసార్లు పోతుంది. ముందే ఇచ్చి ఉంటే ఆ రీఫండ్ రసీదే మీ జవాబు.

అభ్యాసం. రెండు క్లెయిమ్‌లకూ నాలుగేసి వాక్యాల్లో జవాబు రాయండి, లేదా పోరాడకూడదనిపిస్తే ఎందుకో రాయండి.

ఒకటి: కోడ్ 13.1. సరుకు అందినట్టు కొరియర్ రికార్డు ఉంది. కానీ డబ్బు కట్టాక కొనుగోలుదారు ఫోన్‌లో చెప్పిన కొత్త చిరునామాకు పంపారు.

రెండు: కోడ్ 10.4. ఆన్‌లైన్ కోర్సు అమ్మారు, త్రీడీ సెక్యూర్ లేదు. అదే కార్డుతో 5 నెలల క్రితం ఒక కోర్సు, 2 నెలల క్రితం ఇంకో కోర్సు కొన్నారు. మూడింటికీ ఐపీ అడ్రస్, లాగిన్ ఐడీ ఒకటే.

జవాబులు 5వ పాఠం మొదట్లో చూద్దాం.