శ్రీశైలం దర్శనం, నల్లమల సఫారీ ఒకే ప్రయాణంలో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

శ్రీశైలం వెళ్లొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది నల్లమలను కారు అద్దంలోంచి మాత్రమే చూసి ఉంటారు. మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అలాంటి దేవుడి దగ్గరికి వెళ్లి ఆయన అత్తారిల్లు చూడకుండా వచ్చేయడం నాకైతే లోటే. మూడు రోజులు, రెండు రాత్రులు చేతిలో ఉంటే రెండూ తృప్తిగా చూడొచ్చు. రెండు రోజులే ఉంటే మాత్రం ఏదో ఒకటే పెట్టుకోండి, హడావిడిలో రెండూ పాడవుతాయి.

ముందు నెల చూసుకోండి

జులై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పులుల అడవిలో సఫారీలు ఉండవు. వానాకాలం జంతువులకు సంతానం కాలం, దారులు కూడా బురదే. కాబట్టి శ్రావణంలో వెళ్లాలనుకుంటే దర్శనం ఒక్కటే. కార్తీకంలోనూ, శివరాత్రి బ్రహ్మోత్సవాలప్పుడూ క్షేత్రం కిక్కిరిసిపోతుంది, శివలింగాన్ని చేత్తో తాకే స్పర్శ దర్శనం కూడా సాధారణంగా ఆపేస్తారు. ఉగాదికి ముందు రోజుల్లో కన్నడ భక్తులు వేల మంది అడవి దారుల్లో నడుచుకుంటూ వస్తారు. ఇవన్నీ తీసేస్తే నా లెక్కలో మంచి సమయం శివరాత్రి అయిపోయాక ఫాల్గుణ మాసం మొదటి మూడు వారాలు. అప్పటికి అడవి ఆకు రాల్చి ఉంటుంది, చెట్ల మధ్య దూరం దాకా చూపు ఆనుతుంది, నీళ్లు తగ్గేకొద్దీ జంతువులు కుంటల దగ్గరికి వస్తుంటాయి, ఎండ కూడా ఇంకా మండిపోదు. పచ్చటి అడవి కావాలంటే అక్టోబర్, మార్గశిరం బాగుంటాయి. కానీ పొదల వెనక దుప్పి నిలబడినా కనిపించదు.

గేటు టైమ్ తెలుసుకున్నాకే మిగతా ప్లాన్

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అడవిలోకి పంపరు. ఆంధ్ర నుంచి పైకి వచ్చే దోర్నాల వైపు కూడా రాత్రి రాకపోకలు ఆపేస్తారు. ఒకసారి మేము ఆఫీసు పని ముగించుకుని సాయంత్రం ఆరున్నరకు బయలుదేరాం, మధ్యలో టిఫిన్‌కి ఆగాం, గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటి పావుగంట. బతిమాలినా లాభం లేదు, లేకపోవడమే న్యాయం కూడా. అమ్మ ఆ రాత్రంతా కారు సీట్లోనే నడుము వాల్చింది, పొద్దున్న దర్శనం స్లాట్ కూడా పోయింది. పెద్దవాళ్లు వెంట ఉంటే సాయంత్రం బయలుదేరే ఆలోచనే పెట్టుకోకండి.

ఏ వైపు సఫారీ?

ఈ అడవిని 1983లో పులుల సంరక్షణ ప్రాంతం చేశారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ అయింది, ఆంధ్ర భాగానికి నాగార్జునసాగర్-శ్రీశైలం పేరే ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు మన్ననూరులో బస, ఫర్హాబాద్‌లో సఫారీ సులువు. కర్నూలు, నంద్యాల వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆత్మకూరు దాటాక బైర్లూటి జంగిల్ క్యాంపు ఉంది, అక్కడ రాత్రి ఉండి దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కొచ్చు. విజయవాడ, ఒంగోలు వాళ్లు దోర్నాల నుంచి పైకి వచ్చే దారిలోనే తుమ్మలబయలు దగ్గర జీపు ఎక్కొచ్చు. రైల్లో వస్తే మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగండి.

బుకింగ్‌ వరస

అందరూ ముందు దర్శనం టికెట్ తీసి, తర్వాత సఫారీ వెతుకుతారు. తిరగేసి చేయండి. అడవిలో కాటేజీలు, సఫారీ సీట్లు చాలా తక్కువ, ముందు అవి పట్టుకోండి. ఆ తేదీని బట్టి స్పర్శ దర్శనం స్లాట్, ఆ తర్వాత గది. దర్శనం, గదులు దేవస్థానం అధికారిక సైట్‌లోనే తీసుకోండి, దాని పేరు పెట్టుకున్న నకిలీ సైట్లకు డబ్బు కట్టి మోసపోయినవాళ్లు ఉన్నారు. అందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి టికెట్లు ప్రింట్ తీసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మూడు రోజులు ఇలా

హైదరాబాద్ నుంచి అనుకుందాం. మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి పది లోపు మన్ననూరు చేరండి, భోజనం చేసి కాసేపు పడుకుని సాయంత్రం సఫారీకి వెళ్లండి. అడవి ముందు, గుడి తర్వాత అని ఎందుకంటున్నానంటే, గంటలు క్యూలో నిలబడి వచ్చిన పిల్లలు జీపులో నిద్రపోతారు, నేను చూశాను.

సఫారీకి సొంత కారు పనికిరాదు, అటవీ శాఖ బండిలోనే వెళ్లాలి. ఖాకీ, ఆకుపచ్చ లాంటి అడవిలో కలిసిపోయే రంగు బట్టలు వేసుకోండి, సెంటు వద్దు. పులి కనిపిస్తుందని పిల్లలకు మాట ఇవ్వకండి. దుప్పులు, కణుజులు, నెమళ్లు, కొండముచ్చులు కనిపించే అవకాశం ఎక్కువ, అదృష్టం ఉంటే ఎలుగుబంటి, రేచుకుక్కల గుంపు. గైడ్ చెంచు అయితే జంతువుల కోసం వెతకడం మానేసి ఆయన చెప్పేది వినండి. దుప్పి అరుపు మారితే దగ్గర్లో ఏముందో, మట్టిలో ఆ అడుగు నిన్నటిదో ఇవాళ్టిదో వాళ్లకు తెలుస్తుంది. గుళ్లో గర్భాలయం ముందు గొంతు ఎలా తగ్గిస్తామో జీపులోనూ అలాగే ఉంటే ఎక్కువ కనిపిస్తాయి.

రెండో రోజు గేటు తెరవగానే శ్రీశైలం దారి పట్టండి. దారిలో ఆగడం, కోతులకు అరటిపళ్లు వేయడం వద్దే వద్దు. మనం పెట్టే తిండికి అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి, అది పుణ్యం కాదు. ప్లాస్టిక్ కవర్లు, చిన్న నీళ్ల సీసాలు ఇంటి దగ్గరే వదిలేసి స్టీలు సీసాలు తెచ్చుకోండి. క్షేత్రంలో మాంసం, మద్యం నిషేధం, అడవి పిక్నిక్ అని బిర్యానీ కట్టించుకొచ్చి ఇబ్బంది పడకండి. పాతాళగంగకు రోప్‌వేలో దిగి స్నానం చేసి వచ్చాక, స్పర్శ దర్శనానికి మగవాళ్లు పంచె, ఆడవాళ్లు చీర లేదా చున్నీతో చుడీదార్ కట్టుకోవాలి. ఈ బట్టలకు వేరే సంచి పెట్టుకోండి, సఫారీ దుమ్ము అంటకుండా. మల్లికార్జునుడి తర్వాత అదే ప్రాంగణంలో భ్రమరాంబ అమ్మవారు. జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకేచోట ఉన్న క్షేత్రం, అమ్మవారి దగ్గర తొందరపడకండి.

మూడో రోజు ఓపిక ఉన్నవాళ్లకు ఇష్టకామేశ్వరి. అడవిలోపలి గుడి, జీపులోనే వెళ్లాలి, దారి అంతా రాళ్లే. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వెళ్లకపోవడమే మంచిది. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి చర్మంలా మెత్తగా తగులుతుందని భక్తులు చెబుతారు. ఆ రోజు జీపులు వెళ్తున్నాయో లేదో ముందురోజు సాయంత్రమే కనుక్కోండి.

వెళ్లలేనివాళ్లు దోర్నాల రోడ్డులోనే వరసగా ఉన్న సాక్షి గణపతి, హటకేశ్వరం, పాలధార పంచధార చూసుకుంటూ శిఖరేశ్వరం దాకా వెళ్లండి. అక్కడ నువ్వులు రాతి మీద నూరి, నంది కొమ్ముల మధ్య నుంచి ఆలయ శిఖరం వైపు చూస్తారు. ఎండ ముదరక ముందే, ఎనిమిదిలోపు వెళితే చుట్టూ కొండల మీద పొగమంచు ఇంకా ఉంటుంది, మొన్న జీపులో తిరిగిన అడవి ఎంత దూరం పరుచుకుందో అక్కడి నుంచి తెలుస్తుంది. నువ్వుల పొట్లం ఇంటి నుంచే పెట్టుకోండి.