తమ్ముడు వార్డులో ఉంటే లండన్ ఎలా చూడాలి: డిసెంబరులో వెళ్లేవాళ్లకు నా జాగ్రత్తలు

మన దగ్గర ఎవరైనా ఆసుపత్రిలో చేరితే పక్కన ఒకరు ఉండి తీరాలి. మందుల చీటీ పట్టుకుని కిందికి పరిగెత్తేది, సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది, రాత్రి బెంచీ మీద నడుం వాల్చేది అన్నీ ఆ మనిషే. లండన్‌లో చదువుకుంటున్న మా తమ్ముడికి కాలు విరిగి ఆపరేషన్ అయిందని తెలిసి గుంటూరు నుంచి బయలుదేరినప్పుడు నా మనసులోనూ అదే ఉంది. దుప్పటి, ఫ్లాస్కు, స్టీలు గిన్నెలు కూడా సర్దుకున్నాను. తీరా వెళ్లాక చూస్తే అక్కడ అటెండెంట్ అనే మనిషితో పనే లేదు. మందులు, స్నానం, భోజనం అన్నీ వార్డు వాళ్లే చూసుకుంటారు. చూడడానికి వచ్చేవాళ్లకు వేళలుంటాయి, అవి అయిపోగానే మర్యాదగా ఇక వెళ్లిరమ్మంటారు.

అంటే రోజులో చాలా గంటలు చేతిలో పని ఉండదు. ఊరు కాని ఊరు, అద్దె గది, నాలుగింటికే చీకటి. మొదటి మూడు రోజులు ఆ గదిలోనే ఫోను చూసుకుంటూ కూర్చున్నాను, సరిగా తినలేదు, నిద్రా లేదు. నాలుగో రోజు తమ్ముడే "అక్కా, నీ మొహం చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది, పోయి ఏదైనా చూసి రా" అన్నాడు. వాడు చెప్పింది నిజం. అందుకే ఇలాంటి పరిస్థితిలో వెళ్లేవాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే, బయటికి వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే మామూలు టూరిస్టుల్లాగా వెళ్లకూడదు. నాకు తెలిసిన జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లేవాళ్ల కోసం.

ముందు, ఎప్పుడు కదలకూడదో చెబుతాను. ఆపరేషన్ రోజు, ఆ మర్నాడు, జ్వరం వచ్చిన రోజు, ఐసీయూ నుంచి వార్డుకు మార్చే రోజు, డిశ్చార్జి గురించి మాట్లాడతామన్న రోజు, ఈ రోజుల్లో ఆసుపత్రికీ గదికీ మధ్యే ఉండండి. డాక్టర్ల రౌండు సాధారణంగా ఉదయం పూట ఉంటుంది. మీ వార్డులో ఎన్నింటికి వస్తారో, ఆ సమయంలో మిమ్మల్ని ఉండనిస్తారో లేదో, లేదంటే తర్వాత ఎవరు ఫోనులో చెబుతారో మొదటి రోజే నర్సు ఇన్‌ఛార్జిని అడిగి తెలుసుకోండి. చలికాలంలో ఇండియా సమయం అక్కడికంటే అయిదున్నర గంటలు ముందు. గుంటూరులో రాత్రి పదింటికి అమ్మ పడుకునే వేళకు అక్కడ సాయంత్రం నాలుగున్నరే. కాబట్టి రౌండు అయ్యాక డాక్టరు చెప్పింది తెలుసుకుని, ఇంటికి ఫోను చేసి వాళ్ల మనసు కుదుటపరిచి, అప్పుడు బయటికి అడుగు వేస్తే మధ్యలో పదిసార్లు ఫోను మోగదు.

ఇక ఫోను. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇదే, నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే. అక్కడ ఆసుపత్రుల నుంచి వచ్చే ఫోన్లకు చాలాసార్లు నంబరు కనపడదు, నో కాలర్ ఐడీ అని వస్తుంది. మనకేమో లోన్ల వాళ్లు, ప్లాట్ల వాళ్లు చేసే ఫోన్లతో విసిగిపోయి తెలియని నంబరు కట్ చేయడం అలవాటైపోయింది. మొదటిసారి బయటికి వెళ్లిన రోజు అలాంటి ఫోను రెండుసార్లు కట్ చేశాను. సాయంత్రం వెళ్తే తెలిసింది, అది వార్డు నుంచి. తమ్ముడు నొప్పి మందుల మత్తులో ఉన్నాడు, వాడికి ఏ మందు పడదో నన్ను అడగాలని చేశారట. పాత రికార్డు చూసుకుని వాళ్లే జాగ్రత్తపడ్డారు, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రంతా నాకు కునుకు పట్టలేదు. అందుకని చెబుతున్నాను, పడని మందులు, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు, ఇంట్లో వాడే మాత్రలు ఒక కాగితం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి మొదటి రోజే వార్డులో ఇచ్చేయండి. నంబరు కనపడని ఫోన్లను ఆపేసే యాప్‌లు, సెట్టింగులు ఉంటే తీసేయండి. అక్కడి సిమ్ తీసుకుని ఆ నంబరే వార్డులో రాయించండి, వార్డు ఫోను నుంచి ఇండియా నంబరుకు కాల్ వెళ్తుందన్న నమ్మకం లేదు. కొన్ని వార్డుల్లో ఫోనులో వివరాలు చెప్పడానికి ఒక పాస్‌వర్డ్ మాట పెట్టుకోమంటారు, అది ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. పవర్ బ్యాంకు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ప్లగ్గు కూడా మనది పట్టదు, అక్కడ మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నుల ప్లగ్గు, అడాప్టరు ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

ఎంత దూరం వెళ్లొచ్చు అంటే నేను పెట్టుకున్న లెక్క నలభై నిమిషాలు. ఎక్కడున్నా ఒకే బస్సులోనో ఒకే రైలులోనో నలభై నిమిషాల్లో మంచం దగ్గరికి చేరగలగాలి. ఈ లెక్కతో స్టోన్‌హెంజ్, ఆక్స్‌ఫర్డ్, విండ్సర్ వంటివన్నీ తీసి పక్కన పెట్టేయండి, అవి కోచ్ ఎక్కాక మధ్యలో దిగి వెనక్కి రాలేని ప్రయాణాలు. ముందుగా డబ్బు కట్టే ఖరీదైన టికెట్లు కూడా వద్దు. టవర్ ఆఫ్ లండన్ టికెట్టు ముప్పై పౌండ్లు దాటుతుంది. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ అక్కడే ఉంది, చూడాలని నాకూ ఉండేది. కానీ అంత పెట్టి కొన్నాక వార్డులో పరిస్థితి కొంచెం అటూ ఇటూ అయినా, టికెట్టు వృథా అవుతుందని మనసు అటే లాగుతుంది. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, ఇవన్నీ లోపలికి వెళ్లడానికి ఉచితం. పది నిమిషాలు చూసి వచ్చేసినా పోయేదేమీ ఉండదు. మనలాంటివాళ్లకు ఇవే సరైనవి.

తమ్ముడున్నది సెయింట్ థామస్ ఆసుపత్రి. థేమ్స్ నదికి ఇవతల, పార్లమెంటు భవనానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అక్కడి నుంచి వాటర్లూ స్టేషన్‌కు నడిచి వెళ్లి నార్తర్న్ లైన్ ఎక్కితే టాటెనమ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు, దిగాక కొద్ది దూరం నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. అందులో 33ఏ అనే గది ఉంది, అద్దాల వెనక. అమరావతి స్తూపం రాళ్లు అందులో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు పంపించినవి, అక్కడి నుంచి 1859లో లండన్ చేరినవి. మా ఇంటి నుంచి అమరావతి ముప్పై కిలోమీటర్ల చిల్లర, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, కానీ ఇంత పని ఉన్న పలకలు అక్కడ నేను చూడలేదు. స్తూపం మీద స్తూపం బొమ్మనే చెక్కిన పలక ఒకటి ఉంది, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కృష్ణ ఒడ్డున పుట్టిన రాళ్లు ఇక్కడ, నేను ఇక్కడ, తమ్ముడు నది ఒడ్డున వార్డులో. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండె కొంచెం తేలికపడింది. తెలుగువాళ్లు ఎవరు వెళ్లినా ఈ గది చూడండి. ఒక్కోరోజు కొన్ని గదులు మూసి ఉంచుతారు, ఆ ఉదయమే మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, మిగతా రోజులు అయిదింటికే మూసేస్తారు.

మెట్రో రైలులో ఒక ఇబ్బంది ఉంది. సొరంగాల్లో ఇప్పుడిప్పుడే సిగ్నల్ వస్తోంది, అన్నిచోట్లా లేదు. వార్డు నుంచి ఫోను రావచ్చు అనుకున్న రోజు బస్సే ఎక్కండి, ఆలస్యమైనా ఫోను అందుతుంది. బస్సులో నగదు తీసుకోరు, కార్డు తాకించాలి, ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. రైలుకైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే కార్డు తాకించాలి, లేకపోతే ఎక్కువ డబ్బు పోతుంది.

వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద జాగ్రత్త. మూడు గిన్నెలు తిప్పుతూ బంతి ఎందులో ఉందో చెప్పమనే ఆట ఆడిస్తుంటారు. పక్కన నిలబడి గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లు కూడా వాళ్ల మనుషులే, గుమిగూడిన జనంలో జేబులూ కొడతారు. ఆగకుండా నడవండి. రోడ్డు పక్కన ఫోను చేతిలో పట్టుకుని దారి చూసుకోవడం మానేయండి, బైకుల మీద వచ్చి లాక్కుపోవడం లండన్‌లో బాగా ఎక్కువ. మామూలు టూరిస్టుకు ఫోను పోతే ఫొటోలు పోతాయి, మనకు పోతే వార్డుతో ఉన్న దారే తెగిపోతుంది. వార్డు నంబరు, గది అడ్రసు కాగితం మీద రాసి వేరే జేబులో పెట్టుకోండి.

ఇంకొక విషయం. ఆసుపత్రిని ఆనుకుని నది ఒడ్డున ఒక పొడవాటి గోడ ఉంది, దాదాపు అర కిలోమీటరు. కోవిడ్‌తో పోయినవాళ్ల కోసం 2021లో చేత్తో గీసిన ఎర్రటి గుండె బొమ్మలు, లోపల పేర్లు. చూడాల్సిన చోటే. కానీ మీవాళ్ల పరిస్థితి సీరియస్‌గా ఉన్న రోజుల్లో ఒక్కరే ఆ దారిన వెళ్లకండి. రెండో రోజు తెలియక వెళ్లి పేర్లు చదువుతూ అక్కడే నిలబడిపోయాను, గదికి రావడానికి కాళ్లు కదల్లేదు.

డిసెంబరులో తేదీలు కూడా చూసుకోవాలి. 25న లండన్‌లో బస్సులు, మెట్రో, రైళ్లు ఏవీ నడవవు. ఆ రోజు వార్డుకు వెళ్లాలంటే నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి, లేదా టాక్సీ ముందే మాట్లాడుకోవాలి, అది కూడా మామూలు ధరకు దొరకదు. బ్రిటిష్ మ్యూజియం 24 నుంచి 26 దాకా మూసి ఉంటుంది. 31 రాత్రి బాణసంచా కాల్చేది ఈ ఆసుపత్రి పక్కనే ఉన్న లండన్ ఐ అనే పెద్ద జెయింట్ వీల్ దగ్గర, ఆ చుట్టుపక్కల వంతెనలు, రోడ్లు మూసేస్తారు. ఆ సాయంత్రం వార్డు నుంచి త్వరగా బయలుదేరి గదికి చేరిపోండి.

మీ ఒంటిని కూడా చూసుకోండి, మీరు పడిపోతే అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. చలికాలంలో వాంతులు, విరేచనాల వైరస్ అక్కడి వార్డుల్లో తేలికగా పాకుతుంది. మీకు అలా అయితే తగ్గిన తర్వాత కూడా 48 గంటలు వార్డుకు వెళ్లకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోండి. బీపీ, షుగర్ మాత్రలు ఉండబోయే రోజులకంటే ఎక్కువే చీటీతో సహా పట్టుకెళ్లండి, మన మందుల షాపులో లాగా యాంటీబయాటిక్ అడగగానే ఇవ్వరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అత్యవసర విభాగంలో చూడడానికి డబ్బు తీసుకోరు గానీ, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను బెడ్ మీద చేర్చుకుంటే బిల్లు అక్కడి మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అన్నం, పప్పు మీదకు మనసు పోయిన రోజు వెస్ట్‌మిన్‌స్టర్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి ఈస్ట్ హామ్‌లో దిగండి, మారాల్సిన పని లేదు. దక్షిణాది హోటళ్లు, సరుకుల కొట్లు, మహాలక్ష్మి గుడి అన్నీ అక్కడే. ఆ గుడిలో పది నిమిషాలు కూర్చుని వచ్చిన రోజు నాకు బాగా నిద్ర పట్టింది.

బంధువుల సంగతి. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టకండి. తప్పు చేశారని కాదు, "వాడు మంచం మీద ఉంటే ఇది ఊరు చూస్తోందా" అనే మాట ఎక్కడో ఒకచోట పుడుతుంది, అది తిరిగి తిరిగి అమ్మ చెవిన పడుతుంది, అప్పుడు బాధపడేది అమ్మే. ఎక్కడికి వెళ్తున్నారో మంచం మీద ఉన్న మనిషికి మాత్రం చెప్పే వెళ్లండి, ఎన్నింటికి వస్తారో కూడా చెప్పండి, ఆ టైముకు తప్పకుండా రండి. వాళ్లు అడిగితేనే ఫొటోలు చూపించండి. మా తమ్ముడైతే రాళ్ల ఫొటోలు రోజూ అడిగేవాడు.

డిశ్చార్జి అయ్యాక తొందరపడి తిప్పకండి. కాలికి కట్టు కొత్తగా వేశాక దూరపు విమానమైతే కనీసం 48 గంటలు ఆగాలి. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎప్పుడు ఎక్కొచ్చో డాక్టరు చేత రాయించుకోండి. మేము ఒక్కచోటికే వెళ్లాం, డిశ్చార్జి అయిన పదకొండో రోజు, బస్సులో. లండన్ బస్సులన్నిటికీ చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు ఉంటుంది, మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టే లేదు. మ్యూజియంలో అడిగితే చక్రాల కుర్చీ ఇచ్చారు. వాడు 33ఏ గదిలో అద్దం దగ్గర కుర్చీ ఆపమన్నాడు. ఇరవై నిమిషాలకు కాలు లాగుతోందన్నాడు, వెంటనే తిరిగి వచ్చేశాం.