కంటి ద్రవంలో అమైనో ఆమ్లాలు – 4వ పాఠం: పట్టిక చదవడం

విట్రియస్ ద్రవాన్ని (కంటిగుడ్డు లోపల నిండి ఉండే జెల్లీలాంటి పదార్థాన్ని) ఎలా తీస్తారో, హెచ్‌పీఎల్‌సీ యంత్రం (ద్రవంలోని పదార్థాలను వేరుచేసి కొలిచేది) అందులోని అమైనో ఆమ్లాలను ఎలా విడదీస్తుందో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు రెటీనా (కంటి వెనక చూపు పొర) రక్తనాళాలు మూసుకుపోయిన కళ్ల అంకెలు చేతికొచ్చాయి. అందరి కళ్లూ ముందు గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం మీదే పడతాయి.

అందుకు కారణం ఉంది. రెటీనాలో నాడీకణాలు కబురు పంపుకునేది చాలావరకు గ్లూటమేట్‌తోనే. పని అయిపోగానే ముల్లర్ కణాలు (నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలు) దాన్ని లాక్కుని గ్లూటమైన్‌గా మార్చేస్తాయి. దీనికి శక్తి కావాలి. రక్తం ఆగితే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, గ్లూటమేట్ బయటే పేరుకుపోతుంది, గాంగ్లియన్ కణాల్లోకి (చూపు కబురును మెదడుకు పంపే నాడీకణాల్లోకి) కాల్షియం మితిమీరి చొరబడి వాటిని చంపేస్తుంది. ఎక్కువైన గ్లూటమేట్ చిట్టెలుకల రెటీనా లోపలి పొరలను పాడుచేస్తుందని లూకాస్, న్యూహౌస్ అనే పరిశోధకులు 1957లోనే చూపించారు.

అయినా ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకండి. అభ్యాసం కోసం నేను వేసిన ఈ అంకెలు చూడండి (మైక్రోమోలార్లలో). పోలిక కన్ను: గ్లూటమేట్ 10, లూసిన్ 40, వాలిన్ 60. మొదటి రోగి: 30, 42, 61. రెండో రోగి: 30, 120, 180.

గ్లూటమేట్ ఇద్దరిలోనూ మూడింతలే. కానీ మొదటి కంట్లో అదొక్కటే పెరిగింది కాబట్టి రెటీనా నుంచి వచ్చి ఉండొచ్చు. రెండో కంట్లో కబుర్లతో సంబంధం లేని లూసిన్, వాలిన్ కూడా అంతే పెరిగాయి. అంటే రక్తనాళాల గోడలు కారి ఉండాలి, లేదా నమూనాలో రక్తం కలిసి ఉండాలి. సిర మూసుకుపోయిన కళ్లలో రక్తస్రావం మామూలే కాబట్టి అక్కడ ఈ అనుమానం తప్పనిసరి. రక్తం చేరితే ప్రోటీన్ కూడా పెరుగుతుంది కాబట్టి, పక్కన ప్రోటీన్ కొలత లేని పట్టికను నేనైతే నమ్మను.

తర్వాత నమూనా తీసిన సమయం చూడండి. హేరే అనే కంటి వైద్యుడు కోతుల మీద చేసిన ప్రయోగాల్లో రెటీనా ధమని సుమారు 97 నిమిషాలు మూసుకుపోయినా రెటీనా తట్టుకుంది. 240 నిమిషాలకు దాదాపు పూర్తిగా దెబ్బతింది. మనిషి కంట్లోంచి ద్రవం తీసేది మాత్రం చాలాసార్లు ఆపరేషన్ రోజునే, అంటే రోజులో వారాలో గడిచాక. అప్పటికి అసలు గ్లూటమేట్ ఉప్పెన అయిపోయి ఉండొచ్చు.

పోలిక కన్ను ఎవరిదో కూడా అడగండి. ఆరోగ్యంగా ఉన్న కంట్లోంచి ఎవరూ ద్రవం తీయరు. మాక్యులర్ హోల్ (రెటీనా మధ్యలో పడే చిన్న రంధ్రం) లాంటి వాటికి ఆపరేషన్ చేయించుకున్నవారిదే సాధారణంగా పోలిక అవుతుంది.

ఇక మీ వంతు. మూడో రోగి: 11, 41, 62. ధమని మూసుకుపోయిన రెండు వారాలకు తీసిన నమూనా. ఈ కంట్లో గ్లూటమేట్ హాని జరగలేదని చెప్పవచ్చా? కారణంతో సహా రాసుకోండి. వచ్చే పాఠం మీ జవాబు నుంచే మొదలుపెడదాం.